కొట్టేసిన బాకీ

“అమ్మా, మీరు ఒక్కసారి ఆ స్టూలు మీంచి లేచారంటే మా వాళ్ళు మెషీను తీసుకుని వెళ్ళిపోతారు,” అన్నాడు తీపిగొంతు.

“లేవను,” అంది అత్తగారు.

“లేవకపోతే ఎలాగమ్మా?”

“ఎలాగో నువ్వే చూసుకో.”

అత్తగారు అలా మొరాయించుక్కూర్చుని అప్పటికి చాలాసేపయింది. కుట్టుమెషీను ముందు స్టూలు మీద కూర్చుని, మెషీను మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, జ్వరమొచ్చిన పిల్లని పొదువుకున్నట్టు పొదువుకుంది. మెషీను పాదం కింద సినిమాహాలు సీటుకి కుట్టాల్సిన ఎర్ర రెక్సిన్ సగంలో ఆగిపోయి ఉంది. గుమ్మంలో తాళ్ళు భుజాన వేసుకుని ఇద్దరు కూలీలు. అందులో బొద్దుగా ఉన్నాయన, కుట్టడం అయిపోయిన సీట్లలో ఒకదాని మీద కూర్చుని, కాస్త ఊగి చూసి, “మెత్తగా ఉందిరోయ్,” అని రెండో ఆయనకి చెప్పాడు. ఆ ఇంట్లో ఆ పూట పనితనాన్ని మెచ్చుకున్నది ఆయనొక్కడే.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది. ఎదురింటావిడ ఫోన్ చేసి, “మీ ఇంటికి ఎవరో తాళ్ళు పట్టుకొచ్చారమ్మా,” అనగానే, నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంట్లని అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. భుజాన సంచీ ఇంకా దించలేదు. ఊపిరి సర్దుకోలేదు.

ఇక మేస్త్రి. సోఫాలూ కుర్చీలూ కుట్టడంలో ఆయన పేరు చెబితే చాలు, పాత ఖాతాదార్లు ఇప్పటికీ తలాడిస్తారు. ఆ పేరున్న మనిషి కిటికీ దగ్గర బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

“ఏవండీ, మీరేం మాట్లాడరేం?” అంది కోడలు.

మేస్త్రి కిటికీ చువ్వ మీది రంగుని గోటితో గీకాడు.

ఆయన్ని అడిగి లాభం లేదని ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. అలమారలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కోర్టు ఉత్తర్వు తీసి, తీపిగొంతు ముక్కు దగ్గర పెట్టింది. ఫైనాన్స్ కంపెనీ తరఫున వసూళ్ళకి తిరిగే ఆ మనిషికి ఆ పేరు పెట్టింది కోడలే. అతను ఒక్కనాడూ గొంతు పెంచలేదు. బూతు మాట అనలేదు. ఎదుటివాళ్ళ కొంప ముంచే మాటైనా సరే, చెవిలో తేనె పోసినట్టే చెప్తాడు.

తీపిగొంతు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా చదివి, మడత నలగకుండా తిరిగిచ్చాడు.

“చాలా మంచి ఉత్తర్వు మేడమ్.”

“మంచీ చెడ్డా మిమ్మల్ని అడగలేదు. అందులో ఏముందో చెప్పండి.”

“మేస్త్రిగారు దివాలా తీసినట్టు కోర్టు ఒప్పుకుంది. పాత బాకీలన్నీ కొట్టేసింది. మా కంపెనీ పేరు కూడా ఉంది.”

“ఇక మీదట వసూలు చెయ్యకూడదని ఉందా లేదా?”

“ఉంది.”

“మెషీను సంగతి?”

“చేతిపని మీద బతికే మనిషి పనిముట్టు కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదని ఉంది.”

“మరి ఈ తాళ్ళెందుకండీ? ఉయ్యాల కడతారా మా ఇంట్లో?”

బొద్దాయన ఫక్కున నవ్వి, తీపిగొంతు చూపు తగలగానే దగ్గుగా మార్చుకున్నాడు.

“మేం మేస్త్రిగారి బాకీకి రాలేదు మేడమ్,” అన్నాడు తీపిగొంతు. “అమ్మగారి బాకీకి వచ్చాం.”

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు మెషీను చక్రం వైపు చూసింది.

తీపిగొంతు తన సంచీలోంచి ఓ కాగితం తీసి చూపించాడు. చివర్న అత్తగారి సంతకం ఉంది. అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, శ్రద్ధగా, బడిలో కాపీ రాసినట్టున్నాయి. ఆ సంతకం ఆవిడది కాదనడానికి వీల్లేదు.

“కొడుకు బాకీ నా బాకీ అని రాసిచ్చారు. మెషీను పూచీ పెట్టారు. మొదట్లో వాయిదాలు బాగానే కట్టారు, పెద్దమనిషి తరహాలో. ఈమధ్యే ఆగిపోయాయి.” అతను నిజంగానే బాధపడుతున్నట్టు తల ఊపాడు. “మీరు ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోండి. మేం మెట్ల మీద కూర్చుంటాం. తొందరేం లేదు. చీకటి పడేలోపు బండి వెనక్కి పంపాలి, అంతే.”

కూలీలని వెంటబెట్టుకుని అతను బయటికి నడిచాడు. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యలేదు.

కోడలు సంచీ నేల మీద పడేసింది.

“ఎప్పుడు పెట్టారత్తయ్యా ఆ సంతకం?”

“ఫోన్లు ఆగినప్పుడు.”

ఆ ఒక్క ముక్కతో కోడలికి సగం అర్థమయింది.

ఓ హోటలాయన కుర్చీలన్నీ చేయించుకుని, డబ్బివ్వకుండా, చెప్పాపెట్టకుండా తలుపులు మూసి మాయమైపోయాక, మేస్త్రి కొట్టు పోయింది, వ్యాను పోయింది, కోడలి చేతి గాజులు పోయాయి. అన్నీ పోయాక కోర్టు ఆయన్ని వదిలింది. ఉత్తర్వు రాగానే అప్పులవాళ్ళందరూ నోరు మూసుకున్నారు. గుడ్డల కొట్టాయనైతే దారిలో కనబడి, “పోన్లే మేస్త్రీ, ఇకనుంచి నగదు ఇచ్చి పట్టుకెళ్ళు,” అని భుజం తట్టాడు. వినంది ఈ కంపెనీ ఒక్కటే. పొద్దున ఫోను, మధ్యాహ్నం ఫోను, క్లినిక్కి ఫోను. “ఏ పన్ను నొప్పండీ?” అని కోడలు అడిగితే అవతల్నుంచి తేనెలాంటి గొంతు, “బాకీ నొప్పి మేడమ్,” అనేది. కోర్టు కొట్టేసిందని చెప్పి చెప్పి ఆమె నోరు పడిపోయింది. విన్నంతసేపూ విని, మర్నాడు మళ్ళీ మొదలెట్టేవాళ్ళు.

అలాంటిది ఓ వారం ఫోను మోగలేదు. తర్వాతా మోగలేదు. దివాలా కేసు నడిపిన లాయరమ్మ పంపుతానన్న నోటీసు పనిచేసిందనుకుని కోడలు ఆవిడకి కృతజ్ఞతలు చెప్పింది. “నేనింకా నోటీసు పంపనేలేదమ్మా. వాళ్ళంతట వాళ్ళే ఆపారంటే అదృష్టమే,” అంది లాయరమ్మ. అదృష్టమే అనుకుని కోడలు ఇంటికొచ్చేసింది.

“నాకొక్క మాట చెప్పకుండా పెట్టేశారా?”

“చెప్తే పెట్టనిచ్చేదానివా అమ్మాయ్?”

“చచ్చినా పెట్టనిచ్చేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలేదు.”

“ఎందుకత్తయ్యా? కోర్టు కొట్టేసిన బాకీని ఎవరైనా పిలిచి నెత్తిన పెట్టుకుంటారా?”

అత్తగారు మెషీను మీంచి చేతులు తియ్యలేదు కానీ, తల ఎత్తింది.

“మీ మామగారు ఏనాడూ విప్పిన సోఫాని విప్పినట్టు వదల్లేదు. డబ్బివ్వనివాళ్ళదైనా సరే, నవారు బిగించి, గుడ్డ కప్పి, చుట్టూ కుట్టి మరీ పంపేవారు. స్ప్రింగులు బయటపడి ఉన్న సోఫా కొట్లో ఉంటే ఆయనకి అన్నం సయించేది కాదు. వీడి బాకీ నాకు అలాగే కనపడుతుంది. పైన కోర్టు గుడ్డ కప్పితే మాత్రం, లోపల కుట్టకుండా వదిలేసింది వదిలేసినట్టే కదా?”

“మనం డబ్బు దాచుకుని ఎగ్గొట్టామా? ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాకే కదా వదిలారు?”

“ఆ సంగతి కోర్టుకి తెలుసు. వీధిలో వాళ్ళకి తెలుసా? నీళ్ళ దగ్గర, మెట్ల దగ్గర, ‘దివాలావాళ్ళ ఇల్లు’ అంటున్నారు. నువ్వు పొద్దున పోయి చీకటిపడి వస్తావు. వినేది నేను.”

“దానికి వీడి కాళ్ళ మీద పడతారా?”

“నేనెవరి కాళ్ళ మీదా పడలేదు. అతనే వచ్చేవాడు. మీరిద్దరూ లేనప్పుడు వచ్చి, మంచినీళ్ళు అడిగి, ఆ మూల కూర్చునేవాడు. నాకు కళ్ళు మసకలు. దిండు గలీబులు కుట్టాలంటే దారం ఎక్కేది కాదు. అతను సూదిలో దారం ఎక్కించి పెట్టేవాడు.” అత్తగారు కాస్త ఆగింది. “ఈ ఇంట్లో ఆ మాత్రం తీరిక ఎవరికుంది?”

కోడలికి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చేసరికి నేల మీద పడేసిన సంచీ తీసి కుర్చీలో పెట్టింది.

“గలీబుల డబ్బులన్నీ వాడికే పోశారన్నమాట.”

“కుట్టగలిగినన్నాళ్ళూ ఇచ్చా. కళ్ళ ఆపరేషను చేశాక డాక్టరు సూది ముట్టుకోవద్దన్నాడు. ఆగిపోయింది.”

“మరి మెషీను ఎందుకు పూచీ పెట్టారు? దాని మీదే కదా మనం ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నాం?”

“మెషీను నాది. మీ మామగారు నా చేత్తో కొనిపించారు.”

కోడలు చుట్టూ చూసింది. ముందుగది నిండా సీట్లే. కుట్టినవి గోడకి పేర్చి ఉన్నాయి, కుట్టాల్సినవి అంతకు రెట్టింపు ఉన్నాయి. దివాలా మనిషికి పని ఇవ్వడానికి అందరూ వెనకాడుతుంటే, సినిమాహాలు మేనేజరు ఒక్కడే పాత పరిచయం కొద్దీ ఈ పని ఇచ్చాడు. హాలు మళ్ళీ తెరిచేలోపు సీట్లన్నీ అందాలి. ఇంత దళసరి రెక్సిన్ మామూలు మెషీను మీద కుట్టుపడదు, సూదులు విరుగుతాయి. ఇంకో మెషీను అద్దెకి అడుగుదామంటే వీళ్ళకి అద్దెకిచ్చేవాడు పుట్టలేదు. ఈ మెషీను గడప దాటిందంటే సీట్ల పని పోయినట్టే. ఆ పని పోతే మేస్త్రి మళ్ళీ లేవడు. ఆ సంగతి కోడలికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

“నాకు తెలుసు,” అన్నాడు మేస్త్రి.

ఆ పూట ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. కోడలు గిరుక్కున తిరిగింది.

“ఏం తెలుసు?”

“అమ్మ కడుతోందని.”

“ఎప్పట్నుంచి?”

మేస్త్రి నీళ్ళు నమిలాడు. “ఓసారి బయట పని మధ్యలో దారపు బాబిన్ కోసం ఇంటికొచ్చా. అతను ఇక్కడ కూర్చుని ఉన్నాడు. అమ్మ కొంగు ముడి విప్పుతోంది. వెనక్కి వెళ్ళిపోయా.”

“వెనక్కి వెళ్ళిపోయారా?”

“ఊఁ.”

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నాళ్ళుగానో లోపల కుక్కి పెట్టుకున్నదంతా ఒక్క మాటగా బయటికొచ్చేసింది.

“మీ బాకీ ఆ ముసలావిడ మోస్తుంటే మీకు ముద్ద ఎలా దిగిందండీ? అన్నం పెట్టిందీ ఆవిడే, అప్పు కట్టిందీ ఆవిడే. ఇంక మీరెందుకు ఈ ఇంట్లో? ఆ సీట్లకి కాపలాకా?”

అనేశాక ఆమెకే వినిపించింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. మెట్ల మీద మాటలు ఆగిపోయాయి.

మేస్త్రి కిటికీ చువ్వ వదిలి ఇటు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“ఫోన్లు ఆగాయి. నువ్వు ఇంటికొచ్చి మళ్ళీ నవ్వడం మొదలెట్టావు. అమ్మ నిద్రపోతోంది. చెడగొట్టబుద్ధి కాలేదు.” ఆయన మొదటిసారి భార్య మొహంలోకి చూశాడు. “ఎందుకు ఆగాయో నేను అడగలేదు. నువ్వు మాత్రం అడిగావా?”

లాయరమ్మ ఆఫీసు మెట్లు దిగుతూ, అడక్కుండా వచ్చేసిన ఆ సాయంత్రం కోడలికి గుర్తొచ్చింది. ఆరోజు ఎంత హాయిగా ఉందో కూడా గుర్తొచ్చింది.

ఆమె ఫోను తీసి లాయరమ్మకి కలిపింది. అత్తగారికి వినబడేలా స్పీకరు పెట్టి, జరిగిందంతా చెప్పింది.

“పక్కదారిన వచ్చారన్నమాట,” అంది లాయరమ్మ. “మీ ఆయన దగ్గర పైసా వసూలు చేసే హక్కు వాళ్ళకి లేదు. అది తెలిసే పెద్దావిణ్ణి పట్టుకున్నారు. కొట్టేసిన బాకీనే ఇంకో పేరుతో రాయించుకున్నారని చూపిస్తే ఆ కాగితం నిలబడదు. కోర్టు కొట్టేసిందన్న సంగతి దాచిపెట్టి, ఆవిడ్ని మోసం చేసి సంతకం పెట్టించారు కదా?”

“నన్నెవరూ మోసం చెయ్యలేదు,” అంది అత్తగారు స్టూలు మీంచి.

“అత్తయ్యా!”

“చెయ్యలేదు. తెలిసే పెట్టా. నేనేం పాలు తాగే పిల్లనా?”

“కోర్టు సంగతి ఆయన మీకు చెప్పాడా అమ్మా?” అంది లాయరమ్మ.

“చెప్పాడు. ‘కోర్టు కొట్టేసింది నిజమే అమ్మా, కానీ మా కంప్యూటరుకి కోర్టు తెలియదు. అందులో బాకీ బాకీలాగే ఉంది. మీరు సంతకం పెట్టేదాకా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఇంక మీ అబ్బాయి పని చేసే చోటల్లా మోగుతాయి’ అన్నాడు.”

లైను తెగిందేమోనని కోడలు ఫోను చూసుకుంది.

“ఈ ముక్క మోసపోయానని చెప్పడం కంటే నయం,” అంది లాయరమ్మ. ఆవిడ గొంతు మారింది. “కోర్టు ఉత్తర్వు ఉందని తెలిసి, దాన్ని పక్కన పెట్టి బెదిరించారన్నమాట. దీన్ని కోర్టు ఊరికే వదలదు. ఆ మాట ఇంకెవరైనా విన్నారా?”

“ఎవరు వింటారు? నేనూ అతనూ, ఈ మెషీనూ.”

“అయితే అతను కాదంటాడు. మీరు కోర్టుకొచ్చి చెప్పాలి. రేపు పొద్దున్నే ఆపమని అర్జీ పెడతాను. ఈలోపు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండమ్మా. మెషీను మీ చేత్తో ఇవ్వొద్దు. బలవంతంగా మోసుకుపోతే పోనివ్వండి, నేను వెనక్కి తెప్పిస్తాను. మీరే ఇచ్చారంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఇంకోటి, ఎవరూ దేని మీదా సంతకం పెట్టొద్దు. ముఖ్యంగా మీ ఆయన. ఆయన కొత్తగా సంతకం పెట్టారంటే కోర్టు చేసిందంతా చేజేతులా చెరిపేసుకున్నట్టే.”

ఫోను పెట్టేశాక కోడలు స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“అత్తయ్యా, రేపు ఆ మాట కోర్టులో చెప్తారా?”

“కోర్టులోనా?” అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. “అంతమందిలో నిలబెడతారా?”

“నేను పక్కనే ఉంటాను.”

“ఉన్నదే చెప్తా. మోసపోయానని మాత్రం చెప్పను.”

“చెప్పొద్దు. ఉన్నదే చెప్పండి.”

“అమ్మ కోర్టుకి రాదు,” అన్నాడు మేస్త్రి.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కోడలికి తెలుసు. దివాలా కేసు విచారణ రోజు కోర్టులో గుమాస్తా ఆయన పేరు పక్కన దివాలా అన్న మాట చేర్చి గట్టిగా పిలిచాడు. బెంచీల మీద వాయిదాలకొచ్చిన వాళ్ళంతా తల తిప్పి చూశారు. అందులో ఒకాయన మేస్త్రి దగ్గర సోఫా కుట్టించుకున్న ఖాతాదారు. ఆయన చూపు తప్పించుకోవడం మేస్త్రి చూశాడు. ఇంటికొచ్చి పడుకుని, మూడు రోజులు గోడ వైపు తిరిగే ఉన్నాడు.

“రాకపోతే మెషీను పోతుంది కదండీ,” అంది కోడలు, ఈసారి మెత్తగా. “ఒక్క పూట ఓర్చుకుంటే...”

“నేను పడ్డది చాలు. అమ్మని ఆ బోనులో నిలబెట్టను.”

“ఒరేయ్ నాన్నా, నాకేం భయం లేదురా,” అంది అత్తగారు. భయం ఉందని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

తలుపు మీద మర్యాదగా చప్పుడు చేసి తీపిగొంతు లోపలికొచ్చాడు. వెనకాలే కూలీలు. బయట వీధిదీపం వెలిగింది.

“మాట్లాడుకున్నారా అమ్మా?”

“మాట్లాడుకున్నాం,” అంది కోడలు లేచి. “మోసుకెళ్ళాలంటే మోసుకెళ్ళండి. మేం ఇచ్చేది లేదు. రేపు కోర్టులో కలుద్దాం.”

తీపిగొంతు నొచ్చుకున్నాడు.

“బలవంతం మా పద్ధతి కాదు మేడమ్. మేమేమైనా దొంగలమా? కానీ పూచీ పెట్టిన వస్తువుకి అడ్డు కూర్చుంటే, రేపు అమ్మగారి మీదే కేసు పడుతుంది. ఈ వయసులో, కళ్ళ ఆపరేషనయిన మనిషి, ఆ మెట్లెక్కి, వాళ్ళు అడిగే అడ్డమైన ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటూ...” అతను ఆ మాట పూర్తి చెయ్యకుండా మేస్త్రి వైపు తిరిగాడు. “మా దగ్గర రెండు దార్లున్నాయి మేస్త్రిగారూ. అమ్మగారు ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తున్నానని ఒక్క మాట అంటే నా ఫోన్లో వీడియో తీసుకుంటాను. కేసూ గీసూ లేదు, మెషీనుతో సరి. లేదంటే ఇదిగో.”

సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు. అన్నీ అచ్చు వేసే తెచ్చాడు. దాన్ని కుట్టడం అయిపోయిన ఓ సీటు మీద పెట్టి, పైన కలం పెట్టాడు.

“ఇందులో అమ్మగారి పేరు తీసేశాం. మీ పేరుంది. మెషీను ఇక్కడే ఉంటుంది, అమ్మగారి గడప ఇంకెవరూ తొక్కరు. నెలనెలా మీకు వీలైనంత.”

“ఏవండీ, దాని వైపు చూడకండి,” అంది కోడలు. “లాయరమ్మ ఏం చెప్పిందో విన్నారుగా.”

మేస్త్రి విన్నట్టూ లేడు, విననట్టూ లేడు.

తీపిగొంతు ఫోను పైకెత్తి అత్తగారి మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

“చెప్పండమ్మా. మీ ఇష్టంతోనే కదా మెషీను ఇచ్చేస్తున్నారు?”

అత్తగారు అబద్ధం ఆడదు. కానీ కొడుకు మీద ఈగ వాలితే ఓర్చుకోదు. వాడికి ఆ కాగితం తప్పుతుందంటే, మెషీనేం ఖర్మ, తన చెవి దుద్దులు కూడా తీసి చేతిలో పెడుతుంది. కోడలు ఆవిడ భుజం పట్టుకుంది.

అత్తగారు కోడలి చెయ్యి తీసేసింది. స్టూలు మీంచి లేచింది. ఇంతసేపూ కూర్చున్న కాళ్ళు నిలబడక, మెషీను బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

“ఇష్టంతో కాదు,” అంది ఆ ఫోనులోకి సూటిగా చూస్తూ. “నా ఇష్టం ఏనాడు అడిగావు నువ్వు? మావాడి బాకీ కోర్టు కొట్టేసిందని నీకు తెలుసు. తెలిసే వచ్చావు. సంతకం పెట్టకపోతే వాడు పని చేసే చోటల్లా ఫోన్లు చేయిస్తానన్నావు. ఆ భయానికి పెట్టా. ఇప్పుడు నన్ను కోర్టుకీడుస్తానని వాణ్ణి భయపెడుతున్నావు. రానీ, వస్తా. అక్కడా ఇదే చెప్తా. నాకు సూదిలో దారం ఎక్కించి పెట్టావు, అది కూడా చెప్తా. ఉన్నదంతా చెప్తా.”

బొద్దాయన తాడు నేల మీద పెట్టేశాడు.

తీపిగొంతు వేలితో ఫోను మీద నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆవిడన్నదంతా తుడిచేశాడు.

“మాట కాస్త తేడా వచ్చిందమ్మా. ఇంకోసారి తీద్దాం.”

“ఎన్నిసార్లు తీసినా నా నోట్లోంచి అదే వస్తుంది.”

కోడలికి అత్తగారి కాళ్ళకి చుట్టుకుపోవాలనిపించింది. తన ఫోను తన చేతిలోనే ఉందనీ, దాన్లోనూ తియ్యొచ్చుననీ అప్పుడు తోచింది. పోతే పోయింది. ఆవిడ చెప్తుంది. అంతమందిలో నిలబడి ఇలాగే చెప్తుంది. తన కాపురం మళ్ళీ గట్టున పడుతుందని ఎన్నాళ్ళకో ఒక్క క్షణం నమ్మకం కలిగింది.

“విన్నారా అండీ?” అంటూ సంబరంగా వెనక్కి తిరిగింది.

మేస్త్రి సీటు మీదికి వంగి ఉన్నాడు. ఆమె చూస్తుండగానే నిటారుగా నిలబడి, కలానికి మూత పెట్టాడు.

కోడలు రెండంగల్లో ఆ సీటు దగ్గరికి వెళ్ళింది.

“ఏం చేశారండీ?”

“అమ్మ పేరు తీసేశారు,” అన్నాడు మేస్త్రి. “చదివే పెట్టా. ఎక్కడా అమ్మ పేరు లేదు.”

“ఆవిడ కోర్టుకొస్తానన్నారు! మీకు వినపడలేదా?”

“వినపడింది. అందుకే పెట్టా.”

ఇందాక తను అన్న మాటలు కోడలికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆయన చేతికి కలం అందించింది తీపిగొంతు కాదు, తనే అనిపించింది.

అత్తగారు కొడుకు దగ్గరికి నడిచింది. వాడి చొక్కా చెయ్యి పట్టుకుని ఊపింది.

తీపిగొంతు ఆ కాగితం అందుకుని, సంతకం మీద మెల్లగా ఊది ఆరబెట్టాడు. తర్వాత దాన్నీ, కలాన్నీ కోడలి ముందు పట్టుకున్నాడు.

“ఇంకొక్కటే మిగిలింది సిస్టర్. ఇక్కడ, ఆయన పేరు కింద. భార్య సంతకం లేనిదే మా ఆఫీసులో ఈ కాగితం చెల్లదు. రేపు ఇంట్లోవాళ్ళకి తెలియకుండా రాయించుకున్నామని మాట రాకూడదు కదా. మీరు పెట్టారా, మేం ఇప్పుడే వెళ్ళిపోతాం. పెట్టలేదా, అమ్మగారి కాగితం ఎలాగూ ఉంది. మెషీను దించమంటాను.”

ఎలా వచ్చిందో తెలియకుండానే కలం కోడలి చేతిలోకి వచ్చింది.

“పెట్టు,” అన్నాడు మేస్త్రి. కాపురానికొచ్చిననాటి నుంచీ ఆయన ఆమెని ఏదీ అడగలేదు.

“పెట్టకు,” అంది అత్తగారు.

తల్లీకొడుకులు చెరో మాట మీద నిలబడటం ఆ ఇంట్లో కోడలు చూడటం ఆ పూటే మొదలు. ఇద్దరూ ఆమె చేతి వైపే చూస్తున్నారు.